నాలుగో పొయ్యి

కాలేజీ సేవాదళంలో నాకు మొట్టమొదట అప్పజెప్పిన పని పొయ్యిలు చూసి రావడం. నవ్వకండి. ఆ రోజుల్లో గాజువాక దాటాక సముద్రం వైపున్న ఊళ్ళ నేలంతా ఉక్కు ఫ్యాక్టరీకి పోతోంది. నేల పోయిన కుటుంబానికి ఒక కార్డు ఇస్తామన్నారు. కార్డుంటే ఆ కుటుంబంలో ఒకడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం, కొత్త కాలనీలో ఇంటిస్థలం. మరి కుటుంబమంటే ఏమిటి? ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ఈ సంగతిని ఊళ్ళోవాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేశారు: "ఇంటికో ఉద్యోగం కాదు బావా, పొయ్యికో ఉద్యోగం."

మొదటిసారి రాసుకుని వెళ్ళిన గుమాస్తాలు తప్పులు రాశారని ఊళ్ళన్నీ గోలపెట్టాయి. సరే, మళ్ళీ విచారణ చేస్తామన్నారు. జనానికి అర్జీలు రాసిపెట్టమని మా కాలేజీ పిల్లల్ని పంపారు. మగపిల్లలు అరుగుల మీద కూర్చుని మజ్జిగ తాగుతూ అర్జీలు రాస్తారు. ఆడపిల్లలం ఇళ్ళల్లోకి వెళ్ళి పొయ్యిలు చూసి రావాలి. పరాయి మగపిల్లల్ని వంటింటి దాకా ఎవరు రానిస్తారు? అదీ మాకు దక్కిన సంఘసేవ.

నేను పట్నంలో పాతూరి సాయిబుల పిల్లని. మా అబ్బా రేకుపెట్టెలు చేసేవాడు. ఇంట్లో పొద్దస్తమానం సుత్తిమోత. ఆ మోత మీద మాట వినపడాలంటే అరవాలి కాబట్టి నాకు గొంతు పెద్దది. కోపం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. బి.ఎ. అయ్యాక లా చదువుతానంటే మా అమ్మీ, "చదువు తల్లీ చదువు, నీ నోటికి కోర్టే సరైన చోటు, మాకు కాస్త చెవులు చల్లబడతాయి" అంది. పాతూళ్ళోనే ఒక పెద్ద ప్లీడరుగారు ఆదివారాలు తన వరండాలో కూర్చుని బీదాబిక్కీకి ఊరికే సలహా చెప్పేవారు. మా లెక్చరరు నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, వచ్చే ఏడు లాలో చేరుతుందండీ, మీ దగ్గర పని నేర్చుకుంటుంది అన్నారు. ప్లీడరుగారు నన్ను ఎగాదిగా చూసి, "కాఫీ పెట్టడం వచ్చునా అమ్మాయ్?" అన్నారు.

"రాదండీ. పోట్లాడటం వచ్చు" అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి మంచివాడే అనుకున్నాను. ఆ వయసులో మనల్ని చూసి నవ్విన ప్రతి పెద్దమనిషీ మంచివాడే అనిపిస్తాడు.

నా వంతుకొచ్చిన ఊళ్ళో నేను వెళ్ళిన మొదటి ఇల్లు ఒక పెంకుటిల్లు. ముగ్గురన్నదమ్ములు, ముగ్గురు కోడళ్ళు, పిల్లాజెల్లా, అందరి నెత్తి మీదా తల్లి. మొగుడు పోయి చాలా కాలమైంది. యాభై దాటి ఉంటుందేమో, ముసలిది అనడానికి లేదు, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వెళ్ళేది కాదు. నేను వచ్చిన పని చెప్పాను. అంతా విని, "మీరు ఎవుల్లమ్మా?" అంది.

"సాయిబులమండీ. పాతూరు."

"అలగైతే గడపవతలే కూకోమ్మా. పొయ్యి కాడికి రాకు. అక్కడ్నించే సూసుకో, కనపడతన్నాది గదా."

ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ బస్సు దిగి ఎర్రటి ఎండలో అంత దూరం నడిచిన కాళ్ళు ఒప్పుకోలేదు. కూర్చుని చూశాను. మూడు నోళ్ళ మట్టిపొయ్యి, పేడతో అలికి ముగ్గు పెట్టి ఉంది. ఇంట్లో దేవుడి మూల కంటే అదే శుభ్రంగా ఉంది. అందులో నిప్పు ఆరనివ్వరట. వంటయ్యాక నిప్పుల్ని బూడిదలో కప్పిపెడతారు, తెల్లారి బూడిద తీసి ఊది, పిడక అంటిస్తారు. తను కాపురానికొచ్చినప్పుడు అత్తగారు తనకి అప్పజెప్పిన నిప్పు అదేనని ఆవిడ చెప్పింది. ఆ ఊళ్ళో సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు నేలెంత అని అడిగే ముందు పొయ్యి ఒకటేనా అని అడుగుతారట. తల్లి బతికుండగా పొయ్యి చీలిన కొంపకి పిల్లనివ్వరట.

అలాంటావిడని గుమాస్తా వచ్చి ఎన్ని పొయ్యిలు అని అడిగితే ఏం చెబుతుంది?

"నాకు సిర్రెత్తుకొచ్చీసినాది" అంది ఆవిడ, ఆ రోజు గుర్తుకొచ్చి మళ్ళీ చిర్రెత్తుతూ. "ఎన్నేటి బాబూ, ఒక్కటే! నాను బతికుండగా ఈ కొంపలో రెండో పొయ్యెట్టే మొనగాడు ఇంకా పుట్టనేదు, అలగే రాసుకో అన్నాను. రాసుకున్నాడు."

రాసుకున్నాడు మరి. ముగ్గురు కొడుకులకీ కలిపి ఒక్క కార్డు రాసుకున్నాడు. పక్కింటి అన్నదమ్ములు చేటకీ చీపురుకీ కొట్టుకుని ఎప్పుడో విడిపోయినవాళ్ళు, ఒకడి ముఖం ఒకడు చూడరు. వాళ్ళకి మనిషికొకటి. తన్నుకున్న కొంపకి అన్ని ఉద్యోగాలు, కలిసున్న కొంపకి ఒకటి. పెద్దకొడుకు పేర కార్డు వస్తే నడిపివాడూ చిన్నవాడూ ఏం తింటారు? నేల పోయాక కూలికి పోవాలి, ఆ కూలి కూడా ఎక్కడుందో తెలీదు. వాళ్ళిద్దరూ నాకు ఈ సంగతి చెబుతున్నంతసేపూ తల్లి వైపు చూడలేదు.

ఇక్కడ ఆవిడని దేవతని చేసి చూపిస్తే నా కళ్ళు పోతాయి. ఆ ఇంట్లో గరిటె ఆవిడ చేతిలోనే ఉండేది. కొడుకులకి, మనవలకి, తర్వాత పెద్దకోడలికి, నడిపికోడలికి, చివర చిన్నకోడలికి. చిన్నకోడలికి రోజూ అడుగంటిన మాడే. ఆ రోజు నేను గడప అవతల కూర్చుని ఉండగానే ఆ పిల్ల కాస్త పులుసు ఎక్కువ పోసుకుంది. అత్త గరిటె తిరగేసి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. కాలిన గరిటె. పిల్ల ఆ చెయ్యి కొంగులో దాచుకుని, రెండో చేత్తో తింది. మణికట్టు మీద అంతకుముందువి కూడా మచ్చలున్నాయి.

"ఏటలా సూత్తన్నావు?" అంది ఆవిడ నాతో. "మా అత్త నాకు ఇంతకన్నా బాగా ఎట్టేది."

ఆదివారం ముగ్గురన్నదమ్ములూ ప్లీడరుగారి వరండాకి వచ్చారు. ఉతికిన చొక్కాలు తొడుక్కుని, చెప్పులు మెట్ల కింద విడిచి, నేల మీద కూర్చున్నారు. ప్లీడరుగారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు.

"మళ్ళీ విచారణకి ఆఫీసరు వచ్చేలోపు మూడు పొయ్యిలు పెట్టండి. ఎవరి గదిలో వాళ్ళది. పాత పొయ్యి ఆనవాలు కూడా ఉండకూడదు. కుండలకి మసి పట్టాలి. ఉప్పు, చింతపండు, కారం అన్నీ వేరు. బావిచేద కూడా వేరైతే మరీ మంచిది." అక్కడ ఆగి కళ్ళు తెరిచారు. "ఇంతకీ మీ అమ్మ ఎక్కడ తింటుంది?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పెద్దోడి కాడ తింటాది బాబూ" అన్నాడు పెద్దవాడు.

"చెడగొట్టావు. తల్లి ఏ పొయ్యి దగ్గర తింటే అదే అసలు కుటుంబం, మిగతా రెండూ దొంగపొయ్యిలు అంటాడు ఆఫీసరు. అన్నీ పోతాయి. ఆవిడ మీ ముగ్గురిలో ఎవరి పొయ్యి దగ్గరా తినకూడదు. ఆవిడకి నాలుగో పొయ్యి పెట్టండి."

నేను ఆగలేకపోయాను. "నాలుగో పొయ్యికి కార్డిస్తారా సార్?"

"ఎలా ఇస్తారమ్మాయ్? విధవరాలు. ఉద్యోగం చెయ్యడానికి ఆ పొయ్యిలో మగవాడు లేడు."

"మరి ఆవిడకేం మిగిలింది?"

"ముగ్గురు కొడుకులూ ఉద్యోగస్థులవుతారు, ఇంకేం కావాలి? ఒక్కపూట నాటకం ఇది."

"అబద్ధం కాదా అండీ?"

"అబద్ధమంటే నోటితో చెప్పేది. ఇది కట్టి చూపించేది. నువ్వు లాలో చేరాక తెలుస్తుందిలే" అన్నారు. వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. "కొడుకుల చేత తల్లిని కాదనిపిస్తే తర్వాత ఔనని ఎవరంటారండీ?" అని అందరి ముందూ గట్టిగానే అడిగాను. గొంతు పెద్దదని చెప్పానుగా, వీధిలోవాళ్ళు కూడా విన్నారు. ప్లీడరుగారు తర్వాతి మనిషిని పిలిచారు.

ఇది చదివి నేనేదో పశ్చాత్తాపంతో రాస్తున్నాననుకునేరు. నాకేం లేదు. నేను చెప్పాల్సింది చెప్పాను, విననివాళ్ళది తప్పు. నాకున్నది కోపమే, అది ఇప్పటికీ ఉంది.

తల్లిని ఒప్పించడానికి కొడుకులు నన్నూ రమ్మన్నారు. ప్లీడరుగారి మనిషి చెబితే నమ్ముతుందట. నేను వెళ్ళాను గానీ నోరు విప్పలేదు. పెద్దవాడే చెప్పాడు. చెబుతూ పెరట్లోకీ సందులోకీ చూశాడు తప్ప ఆవిడ మొహంలోకి చూడలేదు. ఆవిడ ముందు తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. తర్వాత నడిపివాడు ఏడ్చాడు. చిన్నవాడు, "అయితే నన్ను కూలికి పంపించెయ్యమ్మా, అన్న ఆఫీసుకెల్తాడు, నాను మట్టి మోత్తాను" అన్నాడు. అక్కడ ఆవిడ మెత్తబడింది. చిన్నవాడంటే ప్రాణం ఆవిడకి.

"ఆఫీసరొచ్చి ఎల్లిన పూటే కలిపేత్తారా?" అంది.

"కలిపేత్తాం అమ్మా."

"పొయ్యి మీద సెయ్యేసి సెప్పండి."

ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి గట్టు మీద చేతులు వేశారు. ఆఫీసరు వెళ్ళిన పూటే మళ్ళీ ఒకటే పొయ్యి అన్నారు. వెచ్చగా ఉన్నట్టుంది, చిన్నవాడు చెయ్యి వేసి చప్పున తీసేశాడు.

మూడు గదుల్లో కొత్త పొయ్యిలు పెట్టారు. ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్న పాత పొయ్యిని పగలగొట్టాలి. ఆవిడ కొట్టలేనంది. కొడుకులు గునపం ఒకరి చేతిలోంచి ఒకరికి మార్చుకుంటున్నారు. చిన్నకోడలు వచ్చి ఆ గునపం తీసుకుంది. కొంగు నడుముకి బిగించి మొదటి దెబ్బ వేసింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. పొయ్యి మట్టి అయిపోయాక కూడా కొడుతూనే ఉంది, నేలకి గుంట పడేదాకా. నడిపికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆ అమ్మాయిలని తప్పు పట్టగలిగినవాళ్ళు పట్టండి. ఆ మణికట్టు చూసిన నేను పట్టలేను.

ఆవిడ ఆ మట్టిలోంచి నిప్పుల్ని ఒక కుండపెంకులోకి ఏరుకుంది. పెరట్లో చూరు కింద మూడు రాళ్ళు పెట్టి, ఆ నిప్పు అక్కడ పోసి, సరుగుడు పుల్లలు వేసి ఊదింది. తర్వాత గడప అవతల నిలబడ్డ నన్ను చూసింది.

"ఇప్పుడు రా అమ్మా లోపలికి. మైలపడ్డానికింకేటున్నాది ఈడ" అంది.

నేను గడప దాటాను. వంటిల్లు ఉత్త గది అయిపోయింది.

ఆఫీసరు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్థుడు. పని మాత్రం బాగా తెలుసు. ప్రతి పొయ్యి దగ్గరా వంగి బూడిద ముట్టుకుని చూశాడు, కుండ అడుగులు గోటితో గీకాడు. కోడళ్ళు వారం పట్టి కుండలకి మసి పట్టించారు, గీకితే గోరు నల్లబడింది. తర్వాత అందరి ముందూ అరుగు మీద కూర్చుని ఒక్కొక్క కొడుకునీ పిలిచాడు.

"మీ అమ్మ నీ దగ్గర తింటుందా?"

"నేదు బాబూ, మా కాడ తినదు" అన్నాడు పెద్దవాడు.

"నీ దగ్గర?"

"మాకూ ఆవిడికీ ఏటీ సమ్మందం నేదు బాబూ" అన్నాడు నడిపివాడు. అంత అవసరం లేదు. అడిగినదానికంటే ఎక్కువ చెప్పాడు.

చిన్నవాడి వంతు వచ్చింది. వాడు తల దించుకుని నిలబడిపోయాడు. వెనకనుంచి వాడి పెళ్ళాం, "మావే పస్తులుంతన్నాం బాబూ, ఆవిడికి మేవేటెడతాం" అనేసింది. ఆఫీసరు రాసుకున్నాడు.

చివరికి ఆవిడని పిలిచాడు. "ఏమమ్మా, ఇంతమంది కొడుకులుండి నీకు ఎవరూ అన్నం పెట్టరా?"

ఊరంతా చూస్తోంది. తన పొయ్యి ఒకటేనని ఏ అరుగుల మీద కూర్చుని గొప్ప చెప్పుకుందో ఆ అరుగుల వాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆవిడ పమిట సరిచేసుకుంది.

"ఎట్టరు బాబూ" అంది. "నాను కన్నోల్లు కారనుకో. రాసుకో."

పక్కింటి కోడలు కిసుక్కుమంది. ఆఫీసరు జాలిగా తల ఊపాడు. మూడు కార్డులకీ రాసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరగగానే అన్నదమ్ములు ఒకరినొకరు వాటేసుకున్నారు. పెద్దవాడు నాకు దణ్ణం పెట్టాడు. బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టారు. ప్లీడరుగారు దేవుడన్నారు.

బస్సుకి ఇంకా టైముంది. అరుగు మీద కూర్చున్నాను. పొద్దు వాలింది. మూడు గదుల్లోంచీ పొగ లేచింది. మాడు తినే పిల్ల మొదటిసారి తన చేత్తో తన మొగుడికి వడ్డించి, తనూ కూర్చుంది. గదిలోంచి గాజుల చప్పుడూ నవ్వూ వినబడ్డాయి. ఆవిడ పెరట్లో కాళ్ళు కడుక్కుని, తన కంచం తనే కడుక్కుని, నడవలోకి వచ్చి ఎప్పుడూ కూర్చునే గుంజ దగ్గర కూర్చుంది. కంచం ముందు పెట్టుకుంది. ఎవరైనా పిలుస్తారని చూస్తోంది. రాళ్ళ మధ్య నిప్పు తప్ప ఏమీ వండలేదు ఆవిడ. ఎందుకు వండుతుంది? అది ఒక్కపూట నాటకం కదా.

పెద్దకోడలు చెంబుతో నీళ్ళు తీసుకుని అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. నడిపికోడలు దీపం పెట్టింది. ఆఖరికి ఆవిడే నోరు తెరిచి, "ఓలమ్మా, కూడెట్టండే" అంది.

చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చింది. కోపంగా లేదు. చాలా నెమ్మదిగా చెప్పింది.

"అదేటత్తా, నీకు పొయ్యి ఉన్నాది గదా."

కొడుకులు ముగ్గురూ విన్నారు. ముగ్గురి నోట్లోనూ ముద్దలున్నాయి. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు చూడండి, అది ఇదే. ఆవిడ కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేను పెద్దవాడి గదిలోకి దూసుకెళ్ళి, ఒట్టేశారు కదయ్యా, సిగ్గులేదా అని అరిచాను. అతను ముద్ద మింగి, "కార్డులు సేతికొచ్చేదాకా అమ్మడూ. ఎవుడైనా సూసి ఆకాశరామన్న ఉత్తరం రాసేత్తే? రేపు కలిపేత్తాం" అన్నాడు. బస్సుకి టైమైపోయింది. నేను వెళ్ళిపోయాను.

కార్డులు వచ్చాయి. పొయ్యి కలపమంటే, ఉద్యోగం ఖాయం కావాలన్నారు. తర్వాత స్థలం పట్టా అన్నారు. ఊరు లేచిపోయి కాలనీకి చేరింది. వరసగా మూడు స్థలాలు, వాటిలో మూడు ఇళ్ళు. నాలుగో పొయ్యికి స్థలం లేదు కాబట్టి చిన్నవాడి గోడ వారన రేకు వేసి ఆవిడని ఉంచారు. ఆ రేకు మా అబ్బా దగ్గర మిగిలిన ముక్కల్లోంచి నేను తీసుకెళ్ళి ఇచ్చిందే. ఆవిడ పాత ఊరినుంచి తన మూడు రాళ్ళూ, కుండపెంకులో నిప్పూ నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చిందని చెప్పారు. లారీ ఎక్కలేదట, గాలికి నిప్పు ఆరిపోతుందని.

నేను లాలో చేరాను. ప్లీడరుగారి పని మీద ఆ కాలనీకి అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. ఆవిడ ఒళ్ళు సగమైంది. నోరు మాత్రం అలాగే ఉంది. రొయ్యల తలకాయలు ఏరుకొచ్చి పులుసు పెట్టుకునేది, చోడి అంబలి కాచుకునేది. కొడుకులు ఫ్యాక్టరీ బూట్లు టకటకలాడించుకుంటూ ఆవిడ ముందునుంచే డ్యూటీకి వెళ్ళేవారు. పిల్లలకి కూడా నేర్పేశారు. ఒకసారి నా కళ్ళముందే మనవడు ఆవిడ ఒళ్ళో కూర్చుంటే పెద్దకోడలు వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయింది: "ఆవిడ కాడ తినకు, ఎవుడన్నా సూత్తే మీ అయ్య ఉద్యోగం పోతాది."

ఒకసారి మా ఇంటినుంచి సేమ్యా పట్టుకెళ్ళాను. డబ్బా మూత తీసి వాసన చూసింది.

"మీ వోల్ల కాడ కోడలు అత్తకి కూడెడతాదేటి?" అంది.

"పెడతారు పెద్దమ్మా."

"ఆల్లకి కార్డులు రానేదు గావాల" అంది. తినలేదు. డబ్బా పక్కన పెట్టి, "నాను నిన్ను పొయ్యి కాడికి రానీనేదు. ఇప్పుడు నువ్వెడితే నానెలగ తింతాను?" అంది. నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చి, తినకపోతే చావు అని అరిచి వచ్చేశాను. అనకూడని మాట అన్నాను. ఆవిడ నవ్వింది.

ఆ చలికాలం ఆవిడకి జ్వరం పట్టుకుంది. లేవలేకపోయింది. లేవకపోతే పొయ్యి వెలగదు. ఒక ఉదయం నేను వేరే కేసు పని మీద కాలనీలో బస్సు దిగేసరికి చిన్నవాడి ఇంటి ముందు జనం ఉన్నారు. ఆవిడని ఈతచాప మీద పడుకోబెట్టారు. కోడళ్ళు ఏడుస్తున్నారు. బాగానే ఏడుస్తున్నారు.

ఏడుపు మధ్యలో కులపెద్ద కుండ తెమ్మన్నాడు. శవం ముందు పెద్దకొడుకు పట్టుకెళ్ళే నిప్పుకుండ. "సచ్చినోల్లు ఏ పొయ్యి కూడు తిన్నారో ఆ పొయ్యి నిప్పే ఎయ్యాల. అదే మన పద్ధతి. తెండి" అన్నాడు.

అందరూ రేకు కిందికి చూశారు.

రేకు కింద మూడు రాళ్ళ మధ్య బూడిద వర్షానికి తడిసిన సున్నంలా గట్టిపడి ఉంది. ఊదడానికి ఏమీ లేదు. ఆవిడ అత్త ఇచ్చిన నిప్పు ఆవిడకంటే ముందే పోయింది. మూడిళ్ళల్లోనూ పొద్దున్న టీ కాచిన పొయ్యిల్లో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. నేను కిటికీలోంచి చూశాను.

"మీ ఇంట్లోంచి తేరా" అన్నాడు కులపెద్ద పెద్దవాడితో.

"నా పొయ్యిలోంచి ఎలగిత్తాను మావా? ఆఫీసరుకి మా కాడ తినదని సెప్పున్నాం. మల్లీ కార్డులు తిరగేత్తారని అంతన్నారు. నిప్పిత్తే మా పొయ్యి తిన్నట్టే గదా?"

నడిపివాడు చిన్నవాణ్ణి చూశాడు. చిన్నవాడు నేలని చూశాడు. అప్పుడు పెద్దవాడి కళ్ళు నా మీద పడ్డాయి. జనంలోంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, తప్పు చేస్తున్నట్టు కాక నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు:

"అమ్మడూ, నువ్వు లా సదువుతన్నావు గదా. నిప్పిత్తే కార్డు పోతాదేటి?"

నేను జనమంతా వినేలా జవాబు చెప్పాను. నా గొంతు గురించి చెప్పానుగా.

"పోదు" అన్నాను. "ఏ చట్టంలోనూ లేదు. వెళ్ళి నిప్పు తెండి, మీకు పుణ్యముంటుంది."

అతను నా మొహం చూశాడు. చిన్నపిల్ల, ఇంకా చదువు కూడా అవలేదు అనుకున్నాడు కాబోలు. తమ్ముడి బావమరిదిని సైకిలిచ్చి బస్టాపుకి పంపాడు, ప్లీడరుగారిని అడిగి రమ్మని. శవాన్ని ఎండలో పెట్టుకుని అందరం కూర్చున్నాం. ఈగలు వాలుతుంటే చిన్నకోడలు కొంగుతో తోలింది. ఆ చేతి మీద మచ్చలు తెల్లబడ్డాయి. బావమరిది మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ప్లీడరుగారు భోజనం దగ్గరున్నారట. విస్తరి ముందునుంచే సలహా చెప్పారట.

"పోదు గానీ, రిస్కెందుకు అన్నారు."

పెద్దవాడు తల ఊపాడు. బజారులో టీకొట్టు పొయ్యిలోంచి నిప్పు అడగబోతే, చావు నిప్పు నా పొయ్యిలోంచి తియ్యొద్దు, బేరం చేసుకునేవాణ్ణి అని టీకొట్టువాడు తిట్టి పంపాడు. ఆఖరికి పెద్దవాడు చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు, డ్యూటీ గేటు బయట బీడీ ముట్టించుకునేది. కుండలో పిడకముక్క పెట్టి పుల్ల గీశాడు. కులపెద్ద మొహం తిప్పుకున్నాడు. పిడక అంటుకుంది. డప్పులు మోగాయి.

శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చేసరికి చలిగాలి మొదలైంది. అందరికీ స్నానాలకి వేడినీళ్ళు కావాలి. చావైన ఇంట ఆ పూట లోపలి పొయ్యి వెలిగించకూడదు కాబట్టి మూడిళ్ళ పొయ్యిల్లోనూ నీళ్ళు చల్లి ఆర్పేశారు. చిన్నకోడలు పెద్ద కాగు తెచ్చి రేకు కింద ఆ మూడు రాళ్ళ మీద పెట్టింది. నడిపికోడలు సరుగుడు పుల్లలు తెచ్చింది. పెద్దకోడలు అగ్గిపెట్టె తెచ్చింది. చలికి ఒణుకుతూ అన్నదమ్ములు ముగ్గురూ, కోడళ్ళూ, పిల్లలూ అందరూ ఆ ఒక్క పొయ్యి చుట్టూ చేరి చేతులు కాచుకున్నారు.

"నువ్వూ రా అమ్మడూ, సలేత్తన్నాది" అని పెద్దవాడు నాకు కాస్త చోటిచ్చాడు.